యాదమ్మ బిడ్డ తీసిన గ్రహణం

మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి టెలిస్కోప్ మోసుకెళ్ళే మనిషి ఒక్కతే, మమత. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, నిజాంపేటలో మా ఎదురు ఫ్లాట్. సెలవు రోజున జనం మాల్స్ మీద పడితే, ఈమె మేడెక్కి గురుడి మీది పట్టీలనో, శని చుట్టూ ఉన్న వలయాన్నో కెమెరాలో పట్టుకొస్తుంది. ఆ గొట్టం, స్టాండు మొయ్యడానికి నేనూ ఓ చెయ్యి వేస్తాను. అంతకు మించి ఆకాశంతో నాకు చుట్టరికం లేదు.

మమత పై పెదవి నుంచి ముక్కు దాకా సన్నని గీత ఉంటుంది. పుట్టుకతో గ్రహణం మొర్రి. ధర్మాసుపత్రిలో కుట్టారు. బళ్ళో పిల్లలు మొర్రి అని వెక్కిరించారట, సరే, పిల్లలు. పెద్దవాళ్ళు పిల్లను వదిలేసి తల్లిని పట్టుకున్నారు. "కడుపుతో ఉండి గ్రహణం చూసింది, అందుకే బిడ్డ ఇట్లా పుట్టింది" అని యాదమ్మను ఆమె అత్త బతికున్నన్నాళ్ళూ దెప్పింది. అత్త పోయాక బంధువులు అందుకున్నారు. ఆస్తికి వారసులు లేకపోయినా దెప్పుడుకు ఉంటారు కదా!

యాదమ్మ అప్పట్లో మాదాపూర్‌లో కట్టే బిల్డింగుల దగ్గర తట్టలు మోసేది. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది. ఏ పేరంటంలోనైనా ఎవరైనా మమత మూతి వంక తేరిపార చూస్తే చాలు, ఈవిడ తల దించేసుకుంటుంది. ఆ వంగిన మెడను చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

"ఇన్ని సరదాలుండగా నీకు చంద్రుడే దొరికాడా?" అని ఒకసారి మమతను అడిగాను.

"నేను అమ్మ కడుపుల ఉన్నప్పుడు సూర్యునికి అడ్డమొచ్చింది చంద్రుడే గద సరోజక్కా. నా మూతి కొరికినోడు ఎట్లుంటడో దగ్గరి నుంచి చూద్దామని ఈ గొట్టం కొన్న," అంది. "చూసిన. అన్నీ గుంటలే. నాకన్న వాని మొహమే అన్యాయం."

అలాంటి మమతకు అయిదో నెల నడుస్తుండగా ఫాల్గుణ పున్నమికి చంద్రగ్రహణం వచ్చింది. చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడు, దీపాలు పెట్టే వేళకు విడుపు. తను ఫోటో తీస్తానంది. ఇంట్లో అగ్గి రాజుకుంది.

అత్తగారు బుచ్చమ్మ చెడ్డ మనిషేం కాదు. కోడలికి రోజూ తన చేత్తో రాగిజావ కాచి తాగిస్తుంది. కానీ గ్రహణం వేళ కడుపుతో ఉన్నది తలుపులు బిగించుకుని, కత్తిపీట ముట్టకుండా, మెదలకుండా పడుకోవాల్సిందే అంది. భర్త మహేశ్ మధ్యలో నలిగిపోయాడు.

"వచ్చే వారం పెద్ద స్కాన్ ఉన్నది. అండ్ల ఏమన్న కనబడితే ఎట్ల? ఈ ఒక్కసారి ఊకోరాదు," అన్నాడు.

అందరి గుండెల్లోనూ ఉన్నది అదే. తల్లికి మొర్రి ఉంటే బిడ్డకు రావచ్చునని, అవకాశం తక్కువే అయినా లేకపోలేదని డాక్టరు ముందే చెప్పింది.

"కనబడితే కుట్టిస్త. నాకు కుట్టలేదా?" అంది మమత. "కానీ నా బిడ్డ మూతికి నన్ను దోషిని చేస్తమంటే ఒప్పుకోను. నేను లోపట దాక్కున్ననే అనుకో. బిడ్డ మంచిగుంటే దాక్కున్నందుకే అంటరు. లేకుంటే సరిగ్గ దాక్కోలేదంటరు. అమ్మను అన్లేదా? అందుకే అందరి ముంగట్నే నిలబడి చూస్త."

ఆ సాయంత్రం నేను గొట్టం ఎత్తుకున్నాను. మా ఇంట్లో పెరుగు గిన్నె మీద గరిక పెట్టే వచ్చాను లెండి, నా ధైర్యం అంతవరకే. పిట్టగోడ నిండా హోలీ రంగుల మరకలు. తూర్పున జీడిమెట్ల వైపు ఆకాశం మసకగా ఉంది. యాదమ్మ మా వెనకే వచ్చి, మెట్ల మీది కప్పు దాటకుండా ఆగిపోయి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"లోపటికి రా బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత."

"అమ్మా, ఆనాడు నువ్వు బయటికి రాలేదని నువ్వే చెప్పినవు గద. వాళ్ళు ఉత్తగనే అన్నరు."

"ఉత్తగ కాదు," అంది యాదమ్మ. "నేను చూసిన. ఇన్నేండ్లు ఎవ్వల్కి చెప్పలే."

మమత తల్లి వైపు తిరిగింది.

"దీపావళి తెల్లారి. రేకుల షెడ్డుల తలుపు బెట్టుకొని పండుకున్న. మంచినీళ్ళు గూడ ముట్టలే. రేకులకు మొలల సందులుండె. వాటికెల్లి రోజు గుండ్రగ పడే ఎండ, ఆ పొద్దు కొడవళ్ళ లెక్క పడ్డది. నేల మీద, గోడ మీద అన్ని కొడవళ్ళే. ఒకటి నా కడుపు మీద పడ్డది. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదికొచ్చింది. గ్రహణం నన్ను ఎతుక్కుంట లోపటికే వచ్చింది బిడ్డా."

మమత నవ్వలేదు. తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"అది నిన్ను ఎతుక్కుంట రాలేదమ్మా. సన్న సందుల నుంచి ఎండ పడితే సూర్యుని బొమ్మ పడ్తది. సగం మూసుకున్న సూర్యుడైతే కొడవలి బొమ్మే పడ్తది. ఆ పొద్దు హైదరాబాద్ల ప్రతి రేకుల ఇంట్ల పడ్డయి. అప్పుడు నీకెన్నో నెల?"

"ఆరు నిండినయి."

"కడుపుల పెదవి అతుక్కునుడు మూడో నెల లోపట్నే అయిపోతది. డాక్టరమ్మను అడిగిన. ఆ కొడవళ్ళు పడేనాటికే నా మూతి ఎట్ల కావాల్నో అట్ల అయిపోయింది. నువ్వేం చేసినా, చెయ్యకున్నా."

"మూడో నెలనా?" అంది యాదమ్మ. మళ్ళీ అదే అడిగింది. మమత అవునంది. ముప్పై ఏళ్ళ పాటు ఒక మనిషి చెయ్యని తప్పును కడుపులో దాచుకుని బతికింది. నాకు ఏడుపు ఆగలేదు, అందులో సగం కోపమే.

ఇంతలో మసకలోంచి చంద్రుడు పైకొచ్చాడు. ఎర్రగా, ఓ పక్క కొరికిన రొట్టెలా ఉన్నాడు. మమత పరుగున వెళ్ళి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అంత కింద ఉన్నప్పుడు గాలి కదలికకు బొమ్మ వేడి పెనం మీద ఆవిరిలా వణుకుతుందట. అందుకని ఒక్క ఫోటో కాకుండా వీడియో తీసి, అందులో వణకని బొమ్మలను ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటుంది. రికార్డింగ్ మొదలైంది.

కింది మెట్ల దగ్గర్నుంచి బుచ్చమ్మ కేక వేసింది. "ఒదినే! పిల్లను లోపటికి తీస్కరా. నువ్వు జేసిన తప్పే అది గూడ జెయ్యాల్నా?"

అలవాటుగా యాదమ్మ తల వంగింది. మరుక్షణం ఆమె కొంగు బిగించుకుని కప్పు కింది నుంచి బయటికి వచ్చింది. కూతురి పక్కన నిలబడి చంద్రుడి కేసి తలెత్తింది.

"నేను ఏ తప్పు జెయ్యలే ఒదినే," అంది గట్టిగా, కింద వీధి దాకా వినిపించేలా. "గ్రహణం చూసుడంటవా, ఇగో, ఇప్పుడు చూస్తున్న."

విడుపు అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు.

తర్వాతి వారం స్కాన్‌లో ఏమొచ్చిందని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది నన్ను లిఫ్ట్‌లో ఆపి మరీ అడిగారు. వాళ్ళకు చెప్పలేదు, మీకూ చెప్పను. ఏమొచ్చినా ఆ ఇంట్లో తల దించుకునేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.