అద్దె పెంచని ఇల్లు

మా వీధిలో ఉగాది వెళ్లిన వారంలో అద్దెలు పెరుగుతాయి. ఎదురింటికి పెరిగింది, పక్కింటికి పెరిగింది, వెనక సందు రేకుల గదిలో ఉండే ఇస్త్రీ అతనికి కూడా పెరిగింది. మాకు పెరగలేదు. మొదటి ఏడాది ఇంటివాడు మరిచిపోయాడనుకున్నాను. రెండో ఏడాది మంచివాడేమో అనుకోవడానికి శతవిధాలా ప్రయత్నించాను. మూడో ఏడు కూడా పెంచకపోయేసరికి నాకు అన్నం సహించడం మానేసింది.

"పెంచకపోతే దేవుడికి దణ్ణం ఎట్టుకోక, ఏటయ్యా నీ గోల?" అంది మా ఆవిడ. "పెంచితే తిడతావు, పెంచకపోతే సచ్చిపోతావు. మీ యమ్మ నిన్నెలా భరించిందో గాని!"

ఆవిడకు తెలియదు. ఈ ఊళ్లో ఏదీ ఊరికే రాదు. గాలి కూడా రాదు. సముద్రం వైపు కిటికీ ఉన్న గదికి ఒక అద్దె, లేని గదికి ఇంకో అద్దె. రుషికొండ వైపు రోజువారీ గదులకైతే, మంచం మీద పడుకుని అలలు చూడగలిగితే ఒక రేటు, లేచి కూర్చుని చూడాలంటే ఇంకో రేటు. దేవుడు తోలిన గాలిని కిటికీ చొప్పున అమ్ముకునే చోట, పట్టపగలు ఒక మనిషి తన ఇంటి అద్దె వదులుకుంటున్నాడంటే ఎవరికైనా అనుమానం రావాలి. రాకపోతే వాడికి బుర్ర లేనట్టు.

మాది జాలరిపేట దాటాక రెండు సందుల అవతల, మేడ మీద వాటా. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు బారెడు డాబా. మేం దిగిన కొత్తలో డాబా మీద నిలబడితే సముద్రం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కనిపించేది. తర్వాత మధ్యలో ఒక అపార్ట్‌మెంటు లేచింది. దాని పక్కన ఇంకొకటి లేచింది. ఇప్పుడు ఆ రెండింటి సందులో జానెడు సముద్రం మిగిలింది. ఆ జానెడులోంచి ఓడ దాటుతున్నప్పుడు ముందు ముక్కు కనిపిస్తుంది, తర్వాత నడుము, ఆఖరికి తోక. మొత్తం ఓడను ఒక్కసారి చూసి ఎన్నేళ్లయిందో.

ఓడలంటే నాకు వేరే చుట్టరికం ఉంది. ముప్పై ఏళ్ల పైన రేవులో ఓడల తుప్పు గీకే గ్యాంగులో పనిచేశాను. తాడు కట్టిన పలక మీద కూర్చుని, ముక్కు సుత్తితో కొట్టి తుప్పు రాల్చి, ఇనప బ్రష్షుతో రుద్ది, ఎర్రరంగు పూయాలి. అదే పని. బడికి పోలేదు. సిమెంటు బస్తాల మీది అక్షరాలూ, వేరుశనగల పొట్లాల కాగితాలూ చూసి కూడబలుక్కున్నాను. తర్వాత పఠనాలయంలో పేపర్లు చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. చదువుకున్నవాళ్లకు కాగితం చూపిస్తే నమ్ముతారు. నేను ఇనుమును కొట్టి, అది పలికితే నమ్ముతాను. బాగున్న రేకు గంటలా మోగుతుంది. తుప్పు లోపలికి దిగిన రేకు పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. పైన రంగు ఎంత నిగనిగలాడినా సరే.

పై ఊళ్లనుంచి వచ్చినవాళ్లు "మీరు అదృష్టవంతులండీ, సముద్రం పక్కనే ఉన్నారు" అంటారు. వాళ్లను మా గేటు దగ్గరకు తీసుకెళ్లి తాళం చూపించాలని ఉంటుంది. ఆరు నెలలకో తాళం. కుర్చీ మేకులు, సైకిలు చైను, ఫ్యాను రెక్కలు, చివరికి అగరొత్తుల స్టాండు, అన్నీ ఉప్పుగాలి నాకేస్తుంది. చేపలు చవకంటారు. ఎవరు చెప్పారో! తెల్లారకముందే హార్బరులో వేలంపాట పాడేస్తారు. మంచి సరుకు ఐసు వేసుకుని లారీలెక్కి ఎక్కడికో పోతుంది. సముద్రం పక్కనున్నవాడికి సముద్రం వద్దన్నవి మిగులుతాయి. వంజరం లాంటి మంచి చేప తిని మా ఇంట్లో ఎన్నాళ్లయిందో అడగకండి.

అయినా ఎందుకున్నావయ్యా అంటే, చెబుతాను. మా ఆవిడకు షుగరు. పెద్దాసుపత్రికి ఒక్క బస్సు. నాకు పఠనాలయం నడిచిపోయేంత దూరం. విజయనగరం అవతల మా బావమరిది ఊళ్లో గది ఉంది, వచ్చి ఉండమంటాడు. అక్కడ కూరగాయలు చవక, పాలు చవక, మనుషులు కూడా బోలెడంత తీరికగా దొరుకుతారు. కానీ ఆవిడ మందు అక్కడ ఏ ధరకూ దొరకదు, నా పేపరు మధ్యాహ్నానికి గాని రాదు. ఇంకోటి కూడా ఉంది. రాత్రి అలల చప్పుడు లేకపోతే నాకు చెవుల్లో ఏదో ఆగిపోయినట్టుంటుంది. ఈ వాటా పోతే ఈ చుట్టుపక్కల ఇంకో గది తీసుకునే శక్తి మాకు లేదు. వెళ్తే బావమరిది గదికే వెళ్లాలి. అందుకే అద్దె పెరగకపోవడమంటే నాకు అంత భయం.

ఆధారాలు లేకుండా నేను ఎవరినీ అనుమానించను. మొదటి ఆధారం, ఇంటివాడు నన్ను బాబాయ్ అనడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న, ఇల్లు కట్టించిన పెద్దాయన, బతికున్నంతకాలం నన్ను "ఏమోయ్" అన్నాడు, ప్రతి ఏడూ అద్దె పెంచాడు. పెద్దమనిషి. కొడుకేమో పెంచడు, పైగా బాబాయ్ అంటాడు. రెండో ఆధారం, మాఘమాసంలో ఇద్దరు మనుషులు వచ్చి మా ఇంటి ముందు టేపు పట్టి రోడ్డు కొలిచారు. ఎందుకని అడిగితే ఊరికే అన్నారు. ఊరికే రోడ్డు కొలిచేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు.

మూడోది మాకు చేపలు వేసే ఆవిడ తెచ్చింది. ఇరవై ఏళ్లుగా గంప నెత్తిన పెట్టుకుని మా మెట్లెక్కుతోంది. నన్ను బావ అంటుంది, మా ఆవిడను అప్ప అంటుంది, నేను నెత్తళ్లు వాసన చూస్తే మాత్రం కళ్లెర్ర చేస్తుంది.

"వాసన సూడకు బావా! పొద్దున్న వల్లోంచి ఇప్పినవి. నీకంటే తాజాగా ఉన్నాయి."

"వల్లోంచి తీసినవే. ఏ రోజు వల్లోంచి అనీ."

"ఓలప్పా, ఈ మనిషితో ఎలా కాపురం సేత్తన్నావే!" అని మా ఆవిడ వైపు తిరిగి, గంప దించుతూ అంది. "అది సరే గాని, మీ ఇల్లు పడగొట్టేత్తారంట గదా? ఈ వరసలో ఐదిళ్లు కలిపీసి అపార్ట్‌మెంటు కడతారంట. కింద టీ కొట్టుకాడ అనుకుంటన్నారు."

మా ఆవిడ చేపల గిన్నె అందుకుంది. మూడేళ్లుగా నన్ను వెక్కిరించిన మనిషి, ఆ పూట నావైపు చూడకుండా నెత్తళ్లు కడుగుతూ కూర్చుంది. కడిగినవే మళ్లీ కడిగింది. నీళ్లు పారబోసి, "మా తమ్ముడి ఊళ్లో షుగరు డాక్టరు ఉన్నాడా?" అంది. లేడని ఆవిడకూ తెలుసు.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను.

"అయ్యా, గత మూడు సంవత్సరములుగా తమరు మా వాటా అద్దె పెంచకుండుటకు గల కారణమును లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనియెడల వచ్చే నెలనుండి అద్దెను నేనే పెంచి పంపగలవాడను."

"నీకు మతి పోయిందేటి?" అంది మా ఆవిడ. "పెంచమని ఎవులైనా అడుగుతారా? ఫోనుంది గదా, అందులో అడగరాదా?"

"ఫోన్లో మాటకి సాక్ష్యం ఏదీ? కాగితం మీద అయితే ఆడు ఇరుక్కుంటాడు."

రిజిస్టరు పోస్టులో పంపాను. ఇంటివాడు ఉండేది ఇదే ఊళ్లో, కొండ అవతల.

ఆదివారం పొద్దున వచ్చాడు. ఒక్కడే రాలేదు. వెంట చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో చిన్న సుత్తి ఉన్న మనిషిని తెచ్చాడు.

"ఈయన ఇంజనీరు బాబాయ్. ఇల్లు ఎలా ఉందో ఒకసారి చూస్తారు. పాతదైపోయింది కదా, మీ క్షేమం కోసమే."

మా క్షేమం కోసం ఎవడైనా సుత్తి పట్టుకుని వస్తే నేను మనిషిని చూడను, సుత్తిని చూస్తాను. ఇంజనీరు కుర్చీ ఎక్కి హాలు స్లాబు కొట్టాడు. టంగుమంది. దూలం కొట్టాడు. టంగుమంది. కిటికీ ఊచలు గోటితో గీకి చూశాడు. ఏటా వానలకు ముందు నేను పూసే ఎర్రరంగు పొరలు పొరలుగా కనబడిందే గాని, ఇనుము పొడి రాలలేదు. ఇంటివాడి మొహం ఒక్కో దెబ్బకూ కొంచెం కొంచెం దిగుతోంది. అది నేను చూశాను. మా ఆవిడా చూసింది.

స్నానాల గది వంతు వచ్చింది. రెండేళ్ల కిందట అక్కడ పెచ్చు ఊడిపడి, చువ్వలు బయటపడ్డాయి. ఇంటివాడికి చెప్పలేదు. చెబితే రిపేరు పేరు చెప్పి అద్దె పెంచుతాడని భయం. ముక్కు సుత్తితో తుప్పంతా రాల్చి, చువ్వలకు రంగు పూసి, సిమెంటు నేనే మెత్తాను. పైకి బాగానే ఉంది. లోపల ఏం జరుగుతోందో నాకూ తెలియదు. రంగు కింద ఇనుము ఏం చేస్తుందో అది పలికేదాకా ఎవడికీ తెలియదు.

ఇంజనీరు కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి, మూలకు జరిగి మరోసారి.

మోగింది. ఓడ పక్క మీద నా సుత్తి మోగినట్టే మోగింది.

"ఇది ఎవరు చేశారండీ?" అన్నాడు ఇంజనీరు.

"నానే సేసినాను."

"బాగా చేశారు. చువ్వ దాకా గీకారు. మా మేస్త్రీలు పైన పూసి పోతారు." ఇంటివాడి వైపు తిరిగి, "ఇంకో పదేళ్లకు ఢోకా లేదండీ. ఇది పనికిరాదని నేను రాసివ్వలేను" అన్నాడు.

ఇంజనీరు కిందకు దిగాక ఇంటివాడు డాబా మీద పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. జానెడు సముద్రం వైపు చూశాడు. తర్వాత నావైపు చూసి, దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు.

"అసలు నిన్నెవరు రంగులు వెయ్యమన్నారు బాబాయ్?"

అప్పుడు అంతా చెప్పాడు. ఇంట్లో వాళ్ల అక్కకూ వాటా ఉంది. నాన్న కట్టిన ఇల్లు నిలబడినన్నాళ్లు అమ్మడానికి సంతకం పెట్టనంది. కూలిపోయే స్థితిలో ఉందని ఇంజనీరు కాగితం ఇస్తే సరేనంది. సముద్రం పక్క ఇల్లు కదా, రిపేరు లేకుండా వదిలేస్తే నాలుగేళ్లలో అదే పాడవుతుందనుకున్నాడు. అద్దె పెంచితే నేను రిపేర్లు అడుగుతాను. అందుకని పెంచలేదు.

అంటే, అద్దె పెంచుతాడని నేను రిపేర్లు అడగలేదు. రిపేర్లు అడుగుతానని వాడు అద్దె పెంచలేదు. ఇద్దరం ఒకరికొకరు భయపడుతూ మూడేళ్లు గడిపాం. నా అనుమానం నిజమైనందుకు సంతోషించాలో, కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కోపమే వచ్చింది.

"మేమిద్దరం లోపలుండగా స్లాబు కూలుతాదని ఎదురు సూసినావా?"

"అయ్యో, అంత మాట అనకు! ముందే ఖాళీ చేయిద్దామనుకున్నాను." పిట్టగోడ మీద వేలితో గీతలు గీశాడు. "నేనూ అద్దింట్లోనే ఉంటున్నాను బాబాయ్. మా ఇంటివాడు ప్రతి ఏడూ పెంచుతాడు. ఈ ఇంట్లో నా వాటాకొచ్చే అద్దె అక్కడ ఒక గదికి చాలదు. ఈ ఊళ్లో ఇల్లున్నవాడు కూడా అద్దెకుంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

మా ఆవిడ లోపలికెళ్లి ఇద్దరికీ టీ తెచ్చింది. ఆవిడకు మనుషుల మీద ఎందుకంత త్వరగా జాలి కలుగుతుందో నాకు ఈ వయసుకీ అర్థం కాలేదు.

పది రోజులకు ఫోను వచ్చింది. వచ్చే నెలనుంచి అద్దె పెంచుతున్నానన్నాడు. మా వీధిలో అద్దె పెరిగినందుకు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. పడగొట్టే ఇంటికి ఎవడూ అద్దె పెంచడు. ఆ రోజు చేపలావిడ వచ్చేసరికి మా ఆవిడ వంజరం ముక్కలు కొట్టించింది. నేను వాసన చూడలేదు. చేపలావిడ నన్ను అనుమానంగా చూసింది.

"ఏటప్పా, బావకి ఒంట్లో బాగులేదా?"

వానలు ఇంకో నెలలో వస్తాయనగా రంగు డబ్బా, ఇనప బ్రష్షు దించాను. మా ఆవిడ అడ్డొచ్చింది.

"ఇప్పుడు పెంచాడు గదా, ఆడే రంగు ఏయించాల. అడుగు. అది న్యాయం."

న్యాయమే. అడిగితే మనిషిని పంపిస్తాడు కూడా. కానీ ఎదురింటికి పెంచినదాంట్లో సగమే మాకు పెంచాడు. ఆ మిగతా సగం ఎందుకు వదిలేశాడు? వాడు పంపే మనిషి తుప్పు గీకి రంగు వేస్తాడా, తుప్పు మీదే వేసి నిగనిగలాడించి పోతాడా? పదేళ్లన్నాడు ఇంజనీరు. అందులో ఒక ఏడాది కూడా ఇంకొకడి బ్రష్షుకు వదిలే ఉద్దేశం నాకు లేదు. మూత తీసి, పుల్లతో అడుగుదాకా కలిపి, కిటికీ మొదటి ఊచతో మొదలుపెట్టాను.