హోబర్ట్ బాబాయ్ కుర్చీ

మా హోబర్ట్ బాబాయ్‌కి మా కౌంటీ మొత్తం కొట్టినపిండే. కాకపోతే కిందినుంచి.

నలభై ఏళ్లు బొగ్గు గనిలో చేసి, నేలపైనున్న రోడ్లను లెక్కచేయడం మానేశాడు. పోస్టాఫీసుకు దారి అడిగితే, "మూడో నంబరు గనిలో దిగు. రెండో ఎడమ మలుపు. సరిగ్గా దాని నెత్తిమీదే" అనేవాడు. కెంటకీ కొండల్లో ఇరుక్కున్న మా స్లేట్ ఫోర్క్ కౌంటీకి కొత్తగా వచ్చినవాళ్లు, "పార తెచ్చుకోవాలా?" అని అడిగేవారు పాపం.

పెళ్లికొచ్చినా పెళ్లికూతుర్ని చూడడు, నేలను చూస్తాడు. మడమతో రెండుసార్లు తట్టి, "పాస్టరుగారూ, కాస్త వెనక్కి! వీళ్ల కాపురం నిలబడాలంటే ముందు మీరు నిలబడాలి" అంటాడు.

ఇక నా సంగతి. బళ్లో భూగోళం చెప్పేవాణ్ణి. 'మా కౌంటీ భూగోళం, పూర్వాపరాలు' అని పుస్తకం రాసి, అడగనివాళ్లకు కూడా చదివి వినిపించేవాణ్ణి. అచ్చేయించిన మూడువందల్లో రెండువందల తొంభై మా మంచం కిందే ఉన్నాయి. మొదటి వాక్యం: "మా కౌంటీ చెక్కుచెదరని రాతి పునాదిమీద నిలిచి ఉంది."

అది వినగానే బాబాయ్ మా పెరట్లోకి నడిచి, ఒకచోట తట్టి, మొహం మాడ్చుకున్నాడు.

"ఒరే వెండెల్, ఇక్కడ కింద అంతా డొల్లరా. కప్పును మోసే బొగ్గు స్తంభాలు కూడా తవ్వేశాం. కంచె కట్టు."

"పుస్తకం అచ్చయిపోయింది బాబాయ్!" అన్నాను. అంతకంటే రుజువేం కావాలి?

ఆయనే కంచె కట్టాడు. పెరటి అందం పోతోందని పీకేశాను. మర్నాడు సరిగ్గా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి నెల్డాకు ఆరేళ్లు. అది ఆడుకోవడానికి రాకముందే వచ్చేవాడు, లోపలికి వెళ్లాకే లేచేవాడు. వేసవంతా ఇదే వరస.

"లే బాబాయ్, పిల్లకు అక్కడ ఊయల కట్టాలి."

"ఇక్కడ గాలి బాగుందిరా."

"చెమటలు కారిపోతున్నాయి నీకు!"

"మంచి గాలికి అలాగే కారతాయి."

ఒక శనివారం నెల్డా మొక్కజొన్న రొట్టె తినిపిస్తానని ఆయన్ను వంటింట్లోకి లాక్కొచ్చింది. రెండో ముక్క తింటుండగా పెరట్లో ధబ్బుమంది. పరిగెత్తి చూస్తే కుర్చీ లేదు. దాని చోట లారీ పట్టేంత గొయ్యి.

నెల్డాను ఎత్తుకుని మళ్లీ దించలేదు. సిగ్గుతో బాబాయ్ మొహం చూడలేకపోయాను.

"నువ్వు పడిపోయుంటే ఏమయ్యేవాడివి బాబాయ్?"

ఆయన రొట్టె నములుతూ గోతిలోకి తొంగిచూశాడు. "నాకేంరా? కుడికి తిరిగి, మూడో ఎడమ పట్టుకుంటే చర్చి వెనకాల తేలతాను. దారి తెలియనివాళ్లు పడతారనేగా నా బాధ!"

గొయ్యి పూడ్చడానికి మట్టి చాలలేదు. మంచం కిందవన్నీ నేనే మోసుకొచ్చి వేశాను. మా కౌంటీకి నా పుస్తకం వల్ల జరిగిన మేలు అదొక్కటే.