అవునంటే పిచ్, కాదంటే యా

అమీర్‌పేటలో మెట్రో మారాక నా పక్క సీట్లో ఒక అమ్మాయి కూర్చుంది. కళ్లు మూసుకుని "పిచ్, రోల్, యా" అని గొణుక్కుంటూ మధ్యమధ్యలో నాలుక కరుచుకుంటోంది.

"ఏంటమ్మా, మంత్రమా?" అని అడిగాను.

"కాదాంటీ, విమానం కదిలే తీర్లు. నేను విమానాల రిపేరు కోర్సు చేసిన. ఇప్పుడు హైటెక్ సిటీల ఇంటర్వ్యూ ఉంది. విమానం ముక్కు పైకి కిందికి పోతే పిచ్, పక్కలకు తిరిగితే యా, రెక్కలు ఒరిగితే రోల్. పోయినసారి పిచ్‌ను యా అన్న, అందరు నవ్విండ్రు. యా అంటే ఔననే కదా మనకు! గక్కడనే తప్పైతుంది."

నేను కాసేపు ఆలోచించి తల పైకీ కిందికీ ఊపాను. "అవునంటే పిచ్." తర్వాత అడ్డంగా తిప్పాను. "కాదంటే యా."

"మరి రోల్?"

"సరేలే అనేటప్పుడు తల అటూ ఇటూ వాలుస్తాం చూడు, అదే."

ఆ పిల్ల మూడూ చేసి చూసుకుని పకపకా నవ్వింది. ఎదురు సీట్లో పెద్దాయన కూడా మెల్లగా తల ఆడించి చూసుకున్నాడు.

హైటెక్ సిటీ వచ్చింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "ఈసారి గూడ తప్పుతనా ఆంటీ?" అంది బెరుగ్గా.

నేను గట్టిగా తల అడ్డంగా తిప్పాను.

"యా!" అని అరిచి, నవ్వుతూ దిగిపోయింది.

ఆ ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. ఇంట్లో దేనికైనా తల అడ్డంగా తిప్పినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు. కాదని చెప్తూ నవ్వుతావేంటని మా ఆయన పాపం తికమకపడుతుంటారు.