అత్త ఫోన్‌ని అడిగిన ప్రశ్న

మా ముత్తాత ఒక చిన్న సంస్థానానికి దివాను. తాతగారు బిలాస్‌పూర్ వచ్చి రైల్వే కట్టడాల కాంట్రాక్టులు చేసి, స్టేషనుకు దగ్గర్లో మేడ కట్టారు. శ్రీకాకుళం నుంచి వచ్చి రైలింజన్ల షెడ్డులో పనికి చేరిన వాళ్ల తగవులు ఆయన ఉయ్యాల బల్ల ముందే తీరేవి. నా చేతికి వచ్చేసరికి ఆ మేడ లాడ్జి అయింది. ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే.

లాడ్జికి వెబ్‌సైటు నేనే తయారు చేశాను. జనం సెర్చ్‌లో ఏ మాటలు టైపు చేస్తారో ఏరి, వాటిని పేజీలో అక్కడక్కడా చేర్చడం నేర్చుకున్నాను. 'బిలాస్‌పూర్ స్టేషన్ లాడ్జి' అంటే చాలేది. 'చవక' అన్న మాట మాత్రం రాయలేదు. దాని బదులు మా వంశ చరిత్ర రాశాను. అయినా గదులు నిండేవి.

ఈమధ్య ఫోన్లు మోగడం తగ్గింది. వెతికితే మా పేరు పైనే కనబడుతోంది, మనుషులే రావడం లేదు. సెర్చ్ పేజీ నెత్తిన ఏఐ తానే జవాబు చెప్పేస్తుంటే జనం కిందికి దిగడం మానేశారు. అది ఏం చూసి చెబుతోందో తెలుసుకోవాలనిపించింది. ఊరి శివారు కోని నుంచి వచ్చిన మేనత్త చేతికి ఫోన్ ఇచ్చి, లాడ్జి కావాలంటే ఎలా అడుగుతావో అడగమన్నాను.

"సూడమ్మా, మా వదినగారు రేపు రైలు దిగుతారు. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. టేసను కాడ కింది గది ఏటైనా ఉందేటి?" అంది ఫోన్‌తో.

"అత్తా, అంత కథ అక్కర్లేదు. రెండు మాటలు చాలు."

"అచ్ఛా! మడిసికి సెప్పినట్టు సెప్పకపోతే దానికేటి తెలుస్తాది?"

దానికి తెలిసింది. మెట్లెక్కే పనిలేని గది ఉందని రాసుకున్న వేరే లాడ్జి పేరు చెప్పింది.

"మన మేడకి కింది గది లేదేటి?"

"ఉంది. అందులో తాతగారి ఉయ్యాల బల్ల ఉంది."

"ఎవులూగుతన్నారేటి?"

అప్పటినుంచి గదికి వచ్చినవాళ్లను, మీరు ఫోన్‌ని ఏమని అడిగారని అడుగుతున్నాను. ఒకాయన, తెల్లవారుజామున బండి దిగితే తలుపు తీస్తారా అని అడిగారట. ఒకావిడ, పసిబిడ్డకి పాలు కాచుకోనిస్తారా అని. నేను ఏరిన ముక్కల వెనక ఇన్ని అవసరాలు ఉన్నాయని ఇన్నాళ్లూ ఎరగను.

వంశ చరిత్ర తీసేసి ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు మా పేజీలో పెట్టాను. కింది గది సంగతి మాత్రం ఆపాను. లేనిది ఉందని రాయడం మా ఇంట లేదు. గది ఖాళీ చేశాకే రాశాను. ఉయ్యాల బల్లను గొలుసులతో సహా సర్కండా పేటలో పాత సామాన్ల దుకాణానికి అమ్మాను.