తోడల్లుడి లెన్స్, నా టెలికన్వర్టర్

మొన్న కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఫోన్‌కు కొత్త గ్లాస్ వేయించుకుందామని ఒక షాపుకు వెళితే, చార్జర్ల వెనక దుమ్ము పట్టిన టెలికన్వర్టర్ ఒకటి కనిపించింది. అదేమిటో షాపతనికే తెలియదట. మన వయసు కెమెరా పిచ్చివాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే పిడికెడంత గొట్టం అది, దూరాన ఉన్న జంతువును రెట్టింపు దగ్గరికి తెస్తుంది, అందుకు బదులుగా వెలుతురును మింగేస్తుంది.

రీళ్ల కాలంలో, పెళ్లి ఫొటోలతో నడిచే నా స్టూడియోకు పెద్ద లెన్స్ కొనే తాహతు ఉండేది కాదు. నా తోడల్లుడికి ఉండేది. మా ఆవిడ చెల్లెలి భర్త, ఎల్లారెడ్డి మనిషి, గల్ఫ్ నుంచి వస్తూ మోచేయంత లెన్స్ తెచ్చుకున్నాడు. మా అత్తగారింట్లో దాన్ని చంటిపిల్లాణ్ని అందుకున్నట్టు ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుని చూశారు. ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తున్న పెద్దల్లుణ్ని నేనక్కడే ఉన్నాను, ఆ పూట నన్ను పలకరించినవాళ్లు లేరు. కడుపు మండిపోయింది. ఆ మంటలోనే హైదరాబాద్ వెళ్లి కన్వర్టర్ కొనుక్కొచ్చాను, నా చిన్న లెన్స్‌కు తగిలిస్తే అతనితో సమానమైపోతానని.

ఆ ఏడు మా వైపు రైస్‌మిల్లు యజమాని ఒకాయన, క్యాలెండర్ మీద పోచారం అడవి జంతువు ఫొటో వేస్తానన్నాడు. ఆయన క్యాలెండర్ వేలాడని ఇల్లు ఉండేది కాదు. అది నా ఫొటోనే కావాలన్న పట్టుదలతో, తానూ వస్తానన్న తోడల్లుడితో కలిసి తెల్లవారకముందే పోచారం చెరువుకు వెళ్లాను. అవతలి ఒడ్డున ఒక చుక్కల దుప్పి నీళ్లకు దిగింది. కన్వర్టర్‌తో చూస్తే నా కెమెరాలో అంతా మసక, ఫోకస్ ఎక్కడ కుదిరిందో కంటికి ఆనలేదు. తీసినవన్నీ అలికేసినట్టు వచ్చాయని రీలు కడిగాక తెలిసింది. ఆ పొద్దున అక్కడే, కాస్త ఎండెక్కాక తోడల్లుడు, తన లెన్స్‌లోనూ దుప్పి చిన్నగానే ఉందని, ఆ కన్వర్టర్ ఒకసారి ఇమ్మన్నాడు. ఇద్దరివీ ఒకే కంపెనీ కెమెరాలు, కుదరదని చెప్పడానికి లేకపోయింది. మనసు రాకుండానే ఇచ్చాను.

అతని లెన్స్‌లో వెలుతురు ధారాళం. ఫొటోలో దుప్పి మూతి నుంచి జారే నీటి చుక్కలు కూడా విడివిడిగా కనిపించాయి. కన్వర్టర్ లెన్స్‌లోని మంచినీ పెంచుతుంది, లోపాన్నీ పెంచుతుంది, నా దగ్గర లోపాన్ని పెంచి అతని దగ్గర మంచిని పెంచింది. ఏడాది పొడుగునా రాజంపేటలో, బీబీపేటలో ఏ పెళ్లింటికి వెళ్లినా క్యాలెండర్‌కెక్కిన ఆ దుప్పి గోడ మీంచి నన్నే చూసేది. అది మా మరిది తీసిందని మా ఆవిడే అందరికీ చెప్పుకునేది.

పోయిన నెల ఎల్లారెడ్డి వెళితే, అతను ఆ లెన్స్ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

“భుజం నొప్పికి ఇగ మోయలేకపోతున్న అన్నా. నువ్వైతే ఇంకా తిరుగుతవ్, తీస్కపో.”

“ఇయ్యనీకె మనసెట్ల ఒప్పింది నీకు?”

“చూసినన్ని దినాలు మంచిగ చూసిన. ఇంకేంది?” అని లోపలికెళ్లి చాయ్ తెచ్చుకుని తాపీగా తాగుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు అందరి ఫోన్లలోనూ పులులూ జింకలే, క్యాలెండర్ వైపు తలెత్తేవాళ్లు లేరు, ఏ లెన్స్ ఎంత దూరం లాగుతుందని అడిగేవాళ్లు అసలే లేరు. లెన్స్ నా బీరువాలో కన్వర్టర్ పక్కన ఉంది. ఇన్నేళ్లు దాని కోసం కుళ్లిపోయినవాణ్ని, ఎగిరి గంతేయాలి. కానీ ప్రాణంగా చూసుకున్న వస్తువును అంత తేలిగ్గా ఇచ్చేసే మనసు మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. ఈ వయసులో ఆ మనసును చూసి ఓర్వలేకపోతున్నాను.