ఎవరూ పిలుపివ్వని బంద్

తెలంగాణ ఉద్యమంలో ఎన్నో బంద్‌లు చూశాం. ఎవరూ పిలుపివ్వని బంద్ మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్కటే జరిగింది. జరిపించిన మహానాయకురాలిని నేనే.

కోచింగ్ సెంటర్ల తరఫున తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్‌లు పంపే చిన్న ఆఫీసులో అప్పుడే చేరాను. పంపే ప్రోగ్రాం నా చేతిరాతే. మెసేజ్ చేరితే అవతలి ఫోన్ కంపెనీ సర్వర్ 'అందింది' అంటుంది. ఐదు సెకన్లలో ఆ జవాబు రాకపోతే, పోలేదనుకుని మళ్లీ పంపాలి. ఎన్నిసార్లు? అది రాయడం మరిచాను. నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. నా అంత తెలివి లేదు పాపం వాళ్లకి! ప్రోగ్రాం బాగా నడిస్తే పర్మనెంట్ చేస్తానన్నాడు ఓనర్ యాదగిరన్న. మా అమ్మ అప్పటికే నల్గొండ చుట్టాలందరికీ చెప్పేసింది.

ఓ అసలు బంద్‌కి ముందురోజు 'రేపు బంద్, క్లాసులు లేవు' అని పంపడం మొదలుపెట్టి, కంప్యూటర్‌ను దాని మానాన వదిలేసి ఇంటికొచ్చాను. ఊరంతా ఫోన్ల మీదే ఉంది. మెసేజ్‌లు చేరుతున్నాయి, జవాబులే ఆలస్యం. బంద్ రోజు నేను ఎల్బీనగర్‌లో హాయిగా నిద్రపోతుంటే, మూసిన షట్టర్ వెనక నా ప్రోగ్రాం పంపిందే పంపుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఓ కోచింగ్ సెంటర్ డైరెక్టరుగారి ఫోన్. ఆయనది గుంటూరు.

"ఏమ్మా, క్లాసులో నేనూ ఫ్యానూ తప్ప ఎవరూ లేరు!"

"బంద్ నిన్ననే గద సార్?"

"రేపు బంద్ అని నిన్నంతా పంపారంట! ఇప్పుడూ వస్తోందంట, రేపు బంద్ అని! ఆదివారం పరీక్షమ్మా పిల్లలకి!"

ఆఫీసుకు ఉరికాను. ప్లగ్ పీకేశాను. అప్పటికే డైరెక్టరుగారు ఇక మీ మెసేజ్‌లు వద్దంటూ మా ఆఫీసుకు దండం పెట్టేశారు.

"జవాబు రాకుంటే జర ఆగొద్దా బిడ్డా?" అన్నాడు యాదగిరన్న.

"సరిజేస్త అన్నా. ఒక్క దినం టైమియ్యి."

"ఇప్పుడైతే ఇంటికి పో."

ఆ మెత్తదనం చూసి బతికిపోయాననుకున్నాను. మొహం మీద చెప్పలేని మనిషి కదా, నేను గడప దాటగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేనింకా బాగుచేయని ఆ ప్రోగ్రాంలోనే నాకో మెసేజ్ కొట్టాడు.

ఇంట్లో ఫోన్ మోగింది: 'రేపటి నుంచి ఆఫీసుకు రావొద్దు.' ఏడుద్దామని కూర్చున్నానో లేదో మళ్లీ మోగింది. మళ్లీ. మళ్లీ. కళ్లు తుడుచుకునే సందు కూడా ఇవ్వలేదు. అమ్మ ఫోన్ లాక్కుని చదివి నెత్తి కొట్టుకుంది.

"ఓ పోరీ, ఒక్కసారి చెప్తే ఇనవా? ఎన్నిసార్లు పొమ్మంటున్నడే నిన్ను!"

ఆ క్షణమే అమ్మ నెత్తిన చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీద ఎవరు జవాబివ్వకపోయినా, జుట్టు నెరిసేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను తప్ప, రెండోసారి అడగను గాక అడగను.