పన్ను కాగితానికి పసుపు

ఆ రోజుల్లో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయగలిగిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, ఆ ఇంటి అరుగు సగం వాడకట్టు సొత్తయిపోయేది. నాకు తెలిసింది కొంచెమే. తెలియనిది ఎంతో కూడా తెలియదు కాబట్టి ధైర్యానికి లోటుండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే, దేవుడు అప్పట్లో నన్ను కాపాడిన దానికన్నా, నాచేత కాగితాలు రాయించుకున్నవాళ్ళను ఎక్కువ కాపాడాడనిపిస్తుంది. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఏటా వచ్చే జ్వరాలకు భయపడి అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. (జ్వరాలు కొన్నాళ్ళకు తగ్గాయి, అమ్మ భయం తగ్గలేదు.) చదువంతా బాపు దగ్గరే. బాపు కాజీపేట రైల్వేలో పార్సిల్ గుమాస్తా. తెలుగుకు దేవుడి పద్యాలు, లెక్కలకు కిరాణా చీటీలు, ఇంగ్లీషుకు ఆఫీసులో చెత్తకు పోవలసిన పాత పార్సిల్ రసీదులు, ఇవీ నా పాఠ్యపుస్తకాలు. తోటి పిల్లలు పిల్లికీ కుక్కకూ ఇంగ్లీషు నేర్చుకుంటున్న వయసులో నాకు ‘హ్యాండిల్ విత్ కేర్’ కంఠతా వచ్చు.

ఆ రసీదుల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ‘సెడ్ టు కంటైన్’. దాని అర్థం అడిగితే బాపు చెప్పిన తీరు ఇంకా గుర్తుంది. “మూసిన పెట్టెల ఏమున్నదో మనం చూడలే బిడ్డా. వాడు మామిడిపండ్లంటాండు. చూడంది చూసినట్టు రాస్తే అబద్ధమైతది. అందుకని, లోపల పండ్లున్నయని చెప్పిండు అని రాస్తం. ఉన్నయని రాయం.” నాకది ఇంగ్లీషు పాఠంలా కాక ధర్మసూక్ష్మంలా వినిపించింది. ఆనాటి నుంచి నా కళ్ళతో చూడని దేన్నీ ఆ మాట చేర్చకుండా ఇంగ్లీషులో రాయకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఎవరి కొంప ముంచబోతుందో అప్పుడు తెలియదు.

హనుమకొండలో మా ఇంటి పక్క పోర్షన్‌లో మేస్త్రి చిన్నాయన, చిన్నమ్మ అద్దెకుండేవాళ్ళు. వాళ్ళది నెల్లూరు పక్క. కాలువ పనులకని వచ్చి, పని అయిపోయినా తిరిగి పోలేదు. చిన్నాయన బళ్ళకు గోడలు, మోరీలకు కట్టడాలు, ఇలాంటి చిన్నచిన్న సర్కారు పనులు పట్టేవాడు. ఊరందరి గోడలూ కట్టే మనిషి తాను మాత్రం రెండు గదుల అద్దె ఇంట్లో, మా అమ్మ ఎండబెట్టిన వడియాలకు అడ్డం రాకుండా ఒదిగి నడిచేవాడు. చివరికి హసన్‌పర్తిలో జానెడు జాగా కొని గోడలు లేపాడు. గోడలు లేచాయి గానీ పైకప్పుకు డబ్బు లేదు. ఆ డబ్బు సర్కారు దగ్గరుంది. ఆయన చేసిన ప్రతి పనికీ బిల్లు ఇచ్చేటప్పుడు కొంత పన్నుకింద పట్టుకునేవాళ్ళు. ఆయన సంపాదన అసలు పన్ను కట్టేంత లేదు కాబట్టి, ఏడాదికోసారి దరఖాస్తు పెట్టుకుంటే పట్టుకున్నది వాపసు వస్తుంది.

ముందటేడు ఆ దరఖాస్తును కోర్టు దగ్గర టైపు మిషను పెట్టుక్కూర్చునే ఒకాయన రాసిపెట్టాడు. తన ఫీజు తాను తీసుకుని, చిన్నాయన పేరుండవలసిన చోట తండ్రి పేరు కొట్టాడు. డబ్బు సక్రమంగా మంజూరైంది, ఎప్పుడో కాలం చేసిన ముసలాయన పేరు మీద. “మా నాయనే వచ్చి సంతకం పెట్టాలంట పాపా. ఆయన రాడు. బతికున్నప్పుడే ఆఫీసులంటే పడేది కాదు ఆయనకి,” అని చిన్నాయన మా అరుగు మీద కూర్చుని చెప్తుంటే అమ్మకు కళ్ళనీళ్ళు, బాపుకు నవ్వు, నాకు రోషం వచ్చాయి.

“ఈయేడు నేను రాస్త చిన్నాయనా. పైస వద్దు. పుణ్యమొస్తది,” అన్నాను.

చిన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. “నీ చేతి మీదుగా మా ఇంటికి కప్పు పడితే ఆ ఇంట్లో మొదటి ముద్ద నీకే పెడతా పాపా. వానలొచ్చే లోపల పడాల. మట్టితో కట్టిన ఇటుక గోడలు, తడిస్తే నిలబడవు.” ఆ మాట విన్నప్పుడైనా నేను వెనక్కి తగ్గవలసింది. తగ్గలేదు.

చలికాలంలో ఒక శుక్రవారం తలంటి పోసుకుని, దీపం పెట్టి, ఆ దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. పేరు చిన్నాయనదే రాశాను, తండ్రి పేరు తండ్రి గడిలోనే రాశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆదాయం దగ్గరికి వచ్చేసరికి, ఆయన సంపాదన నేను కళ్ళతో చూడలేదు కదా అని గుర్తొచ్చి, అంకె పక్కన ‘సెడ్ టు కంటైన్’ చేర్చాను. కింద, పైన రాసినదంతా నిజమని ఒప్పుకునే చోట, మనస్సాక్షి ఊరుకోక ‘ఎట్ ఓనర్స్ రిస్క్’, అంటే నష్టమొస్తే సరుకు యజమానిదే బాధ్యత, అని కూడా చేర్చాను. కవరు మీద చిరునామా రాసేటప్పుడు, ఉత్తరం రాస్తే ఇంటిల్లిపాదినీ తలుచుకోవాలని బాపు నేర్పిన మర్యాద మరిచిపోకుండా ‘ఆఫీసరు గారికి, వారి కుటుంబానికి’ అని రాశాను. ఇక మిగిలింది ఒక్కటే. మా ఇంట్లో శుభమైన కాగితం ఏదీ పసుపు లేకుండా గడప దాటదు. చిన్నమ్మ చూస్తుండగా కవరు నాలుగు మూలలా నాలుగు వేళ్ళతో పసుపు అద్ది, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి ముందుంచి దండం పెట్టాను.

బాపు చూశాడు. “ఆఫీసుకు పోయే కాయితానికి పసుపేంది బిడ్డా?”

“మంచి పని కదా బాపు.”

బాపు ఒక క్షణం ఆలోచించాడు. భక్తిపరుడు, కూతురంటే ప్రాణం. “పెట్టినవ్ గద. ఇగ తుడిస్తే మంచిగుండది,” అన్నాడు. రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు. కొన్నాళ్ళకు అందినట్టు ఆఫీసు ముద్ర కొట్టిన కార్డు తిరిగి వచ్చింది. సంతోషం పట్టలేక దానికీ పసుపు పెట్టి, దేవుడి పటం వెనక భద్రపరిచాను.

తర్వాత ఏమీ రాలేదు. ఉగాది పోయింది. ఎండలు ముదిరాయి. చిన్నమ్మ ప్రతి ఆదివారం హసన్‌పర్తి పోయి, కప్పులేని వంటగదిలో మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకొని వచ్చేది. ఇల్లు అలవాటు కావాలట. “ఎట్టుండాది చిన్నమ్మా ఇల్లు?” అని ఆమె యాసనే ఆమెకు అప్పజెప్పేదాన్ని. “బాగుండాది. పొగ బయటికి పోవడానికి చిమ్నీ అక్కర్లేదు,” అనేది. చిన్నాయన సాయంత్రం సైకిలు దిగుతూనే, “కాయితమేమన్నా వచ్చిందా పాపా?” అని అడిగేవాడు. రాలేదంటే, “వస్తాదిలే. సర్కారు కదా, నడిచి వస్తాది,” అనేవాడు. ఒక్కనాడూ నా రాతను అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు. ఆఫీసును అనుమానించాను, పోస్టువాళ్ళను అనుమానించాను, గ్రహాలను అనుమానించాను. ఆంజనేయస్వామికి మొదట కొబ్బరికాయ మొక్కి, తర్వాత ఆకుపూజకు పెంచి, చివరికి వడమాల దాకా పోయాను. వానలు ఆలస్యం చెయ్యమని కూడా వేడుకున్నాను. అదే వేళకు హసన్‌పర్తి రైతులు వానకోసం చెరువుగట్టు మీద భజనలు చేస్తున్నారని చిన్నమ్మ చెప్పింది. అంతమంది ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు. స్వామిని ఎంత ఇరకాటంలో పెట్టానో కదా.

మబ్బులు కనబడటం మొదలయ్యాక ఇక ఆగలేక, చిన్నాయన, చిన్నమ్మ, నేను రిక్షాలో పన్నుల ఆఫీసుకు పోయాం. ఒక ఆఫీసులోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే చిన్నమ్మ మోచేత్తో పొడిచింది. లోపల కళ్ళద్దాల సారొకాయన మంచిగానే కూర్చోబెట్టి, లావుపాటి పుస్తకం తిరగేసి, తల అడ్డంగా ఊపాడు.

“ఈ పేరు మీద ఏ కాయితం రాలేదమ్మా.”

“పంపినం సార్. అందినట్టు కార్డు గూడ వచ్చింది,” అన్నాను.

“మరింకేంది ఫికర్. కార్డు చూపియ్యి.”

“దేవుని దగ్గరున్నది సార్.”

ఆయన కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. “దేవుని దగ్గరుంటే నేను ఆడికెట్ల పోవాలమ్మా ఇప్పుడే?”

చిన్నాయన ముఖం చూడలేక నేను నేల చూస్తున్నాను. చిన్నమ్మ మాత్రం గోడలు చూస్తోంది. (మేస్త్రి భార్య. ఏ ఇంటికి పోయినా ముందు గోడలే చూస్తుంది.) సారు వెనకాల గోడకు ఒక తీగ కట్టి, దానికి శుభలేఖలు వరసగా గుచ్చి ఉన్నాయి. ఆఫీసులో ఎవరికి పెండ్లి పిలుపొచ్చినా, తారీఖు మరిచిపోకుండా అక్కడ గుచ్చుతారట.

“అదుగో,” అంది చిన్నమ్మ. “ఆ చివర ఉండేది మనదే పాపా. నీ చిటికెన వేలు సరిగా అంటలా, ఒక మూల పసుపు తక్కువ.”

“అవి పెండ్లి పత్రికలమ్మా,” అన్నాడు సారు.

“మాది కూడా అట్టనే ఉంటాదయ్యా. ఒకపాలి తీసి చూడు.”

తీశాడు. ముందు వెనక తిప్పి చూశాడు. కుంకుమ బొట్టు, నాలుగు మూలల పసుపు, వారి కుటుంబానికి అన్న మర్యాద అన్నీ ఉన్నాయి. “గిది పాత పెద్దసారు ఉన్నప్పుడు వచ్చింది,” అన్నాడు మెల్లగా. “ఆయన బదిలీ మీద పోయిండు. ఇంటోల్లతోని గలిపి పిలిచిండ్రు, ఆయన చుట్టాల పెండ్లనుకొని మేం విప్పలే. వస్తే ఇద్దామని గుచ్చినం.” కవరు బల్ల మీద పెట్టి, “లగ్గం దాటిపోయి ఉంటదని మొన్ననే అనుకున్నం,” అన్నాడు.

ఆ కవరు కొత్త పెద్దసారు బల్ల మీదకు పోయింది. మమ్మల్ని లోపలికి పిలిచారు. ఆయన చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. పెదవి కొరుక్కున్నాడు. ఇంకోచోట ఆగి, కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వి, మళ్ళీ మావైపు తిరిగాడు.

“ఎవరు రాశారమ్మా ఇది?”

“నేనే సార్.”

“ఎక్కడ చదివావు?”

“పార్సిల్ ఆఫీసుల... అంటే, ఇంట్లనే సార్. మా బాపు చెప్పిండు.”

“నా సర్వీసులో వేల కాగితాలు చూశాను. ఆదాయం దగ్గర ‘ఇంత ఉందని చెప్పారు’ అని నిజం రాసింది నువ్వొక్కదానివే,” అన్నాడు. అది మెచ్చుకోలే అనుకొని సంతోషంగా దండం పెట్టాను. (కాదని బాపు ఆ సాయంత్రం విడమర్చి చెప్పాడు.) తర్వాత ఆయన గొంతు మారింది. గడువు దాటిపోయిందని, గడువులోపల అందినట్టు రుజువుంటే తప్ప తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. చిన్నాయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. “పాపా, ఆ కార్డు నిజంగానే ఉండాదా?” అన్నాడు. నా మీద ఆయన మొదటిసారి అనుమానపడింది అప్పుడే. ఆ ఒక్క ప్రశ్న నాకు ఏ తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

చిన్నాయన అప్పటికప్పుడు ఎవరి సైకిలో అడిగి తీసుకుని ఇంటికి పోయి, పటం వెనకనుంచి కార్డు తెచ్చాడు. పసుపు, కుంకుమ, అగరొత్తుల మసి, ఒక ఎండిన తులసాకు. కళ్ళద్దాల సారు దాన్ని దులిపి, వెలుగుకు పట్టి చూశాడు. ఆఫీసు ముద్ర, గడువులోపలి తారీఖు స్పష్టంగా ఉన్నాయి. “దేవుడు మంచిగనే దాసిండు,” అన్నాడు. అక్కడే, ఆయన చెప్తుండగా, నేను ఆ దరఖాస్తు తిరగరాశాను. నా చూపుడువేలికి ఇంకా పొద్దటి పూజ పసుపు ఉందని చూసి, ఆయన లేచి కుండలోని నీళ్ళు చేతిమీద పోశాడు. “కడుక్కోని రాయి బిడ్డా,” అన్నాడు.

మృగశిర దాటినా ఆ ఏడు చినుకు రాలలేదు. రైతుల ముఖాలు తలుచుకున్నప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు. స్వామి నా మాటే విన్నాడేమోనని భయం. “నీ మొక్కుకే వానలాగితే ఇగ కలెక్టరు నిన్నే పిలుస్తడు, పండుకో బిడ్డా,” అని బాపు నవ్వాడు. డబ్బు వాపసు వచ్చింది. స్లాబు పోసిన రోజు పొద్దున ఆకాశం తెల్లగా ఉంది. సాయంత్రం పనివాళ్ళు సిమెంటు గమేళాలు కడుక్కునే వేళకు మబ్బు కమ్మింది. స్లాబు గట్టిపడేదాకా ఆగి, తెల్లవారుజామున వాన దిగింది. చిన్నాయన గుమ్మంలో నిలబడి పైకి చూసి, “స్లాబు తడపను నీళ్ళు కొట్టే కూలి మిగిలింది పాపా,” అన్నాడు. రైతులకూ మాకూ ఒకే వానతో సరిపెట్టిన ఆ స్వామికి వడమాల వేయించాను. ఎన్ని వడలు వేసినా ఆ బాకీ తీరేది కాదు.

గృహప్రవేశం శుభలేఖల మీద పేర్లు రాసే పని చిన్నమ్మ మళ్ళీ నాకే ఇచ్చింది. (మనుషుల్లో క్షమ ఎంతుంటుందో నేను చూసింది ఆమె దగ్గరే.) పన్నుల ఆఫీసుకు కూడా ఒకటి పంపాం. నాలుగు మూలలా పసుపు, మధ్యలో బొట్టు, కుటుంబంతో సహా రమ్మని పిలుపు. ఆ రోజు ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. పాలు పొంగాయి, మొదటి ముద్ద నాకు పెట్టారు. నాలుగు రోజుల తర్వాత పోస్టులో గోధుమరంగు కవరు వచ్చింది. ‘మీ దరఖాస్తు అందినది. నమోదు చేయబడినది. పరిశీలనలో ఉన్నది.’ కింద కళ్ళద్దాల సారు సంతకం. ఒకసారి దెబ్బ తిన్నారు కదా, పసుపు కనబడితే చాలు, విప్పి చూడకుండానే పుస్తకంలో ఎక్కించేశారన్నమాట.

చిన్నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “పరిశీలించి వస్తారులే, అన్నం దాచమను మీ చిన్నమ్మని,” అన్నాడు.

ఇప్పటికీ ఏటా పన్ను కాగితాలు పంపించే రోజున నా వేలు తెలియకుండానే పసుపు భరిణె వైపు పోతుంది. దండం పెట్టుకుని వెనక్కి తీసుకుంటాను. అంత నమ్మకంగా నాలుగు మూలలూ అద్దిన ఆ పిల్ల ఎదురుపడితే గదమాయించాలని అనుకుంటాను గానీ, చివరికి ఆ చిటికెన వేలి మూల కూడా సరిగా అద్దమనే చెప్తానేమో.